తాత దారి చూపిన మాట నిజమేనా

మేళ్లచెరువు
12-11-2018

అన్నా,

ఇక్కడ అందరం బాగున్నాం. నువ్వు తాత దగ్గర పెరిగినవాడివి కాబట్టి ఒక సంగతి అడగడానికి రాస్తున్నాను.

సిమెంటు ఫ్యాక్టరీలో యంత్రాలు బిగించడానికి వచ్చిన డీటర్ అనే జర్మన్ ఇంజనీరుకు మా పైగది కిరాయికి ఇచ్చాం. భోజనం కూడా మా ఇంట్లోనే. ముప్పై ఏళ్లు బడిలో హిట్లర్ యుద్ధం పాఠం చెప్పినవాణ్ణి, ఊరుకోగలనా? నిన్న ఆయన తినడానికి కూర్చోగానే, "మీ జర్మన్లంతా క్రూరులే కదా?" అని ఇంగ్లీషులో అడిగేశాను.

ఆయన చేతిలోని రొట్టె కింద పెట్టాడు. తన తాత ఆ సైన్యంలో ఉన్నాడనీ, అక్కడ ఏం చేశాడో ఇంట్లో ఎవరూ చెప్పలేదనీ, తలచుకుంటే సిగ్గేస్తుందనీ చెప్పి, తినకుండానే పైకి వెళ్లిపోయాడు.

ఏమన్నారని నీ మరదలు సుగుణ నిలదీస్తే చెప్పాను.

"ఎవరో చేసిన పాపానికి దేశం మొత్తాన్ని తిడుతరా? రజాకార్లకు ఊళ్లోకి దారి చూపింది మీ తాతనే అని మీ ఊరోళ్లు ఇప్పటికీ అంటరు. గా లెక్కన మా నాయిన నన్ను మీకు ఇస్తుండెనా? పోయి తప్పయిందని చెప్పి రాండ్రి," అంది. నా రొట్టెలు కూడా ఆయన పళ్లెంలోనే వేసి నా చేతికిచ్చింది.

వెళ్లి చెప్పాను. డీటర్ నవ్వి, సగం రొట్టెలు నాకు పెట్టాడు. ఏం జరిగిందో తెలియకుండా సిగ్గుపడటమే అన్నిటికంటే కష్టమన్నాడు.

అందుకే అన్నా, మన తాత సంగతి నిజమైతే దాచకుండా రాయి. కార్డు మీద మాత్రం వద్దు, సుగుణ నాకంటే ముందు చదువుతుంది.

నీ తమ్ముడు