ప్రతి గేటు దగ్గరా ఆగే గుర్రం

బాపూ,

నువ్వు పోయి నిన్నటికి ఏడాది. మన పెళ్లిళ్ల గుర్రం గౌరిని అమ్మడానికి తమ్ముడు బేరం కుదుర్చుకొచ్చాడు. "బాపు మాట తప్ప వినదక్కా అది. నీతోని ఏమైతది?" అన్నాడు.

నా మాట వింటుందో లేదో చూద్దామని, ఇవాళ పొద్దున్నే మహంకాళమ్మకు దండం పెట్టుకుని, గౌరినెక్కి బయలుదేరాను. పక్కింటి షాహిదా వాళ్ల గుర్రం మీద తోడొచ్చింది. యాభై ఏళ్లకు మొదటిసారి ఎక్కాను, నవ్వకు.

ఫలక్‌నుమా దాటి, ఊరు వదిలి, పత్తి పగిలిన చేల మధ్య మట్టిబాట పట్టాం. దసరా వెళ్లిన ఎండ మెత్తగా ఉంది. కానీ ఏ తోట గేటు కనిపించినా గౌరి ఆగిపోయేది. ఇన్నేళ్లూ ఫంక్షన్ హాలు గేటు దగ్గర పెళ్లికొడుకును దించడమే కదా దాని పని! నేను దిగితేనే మళ్లీ కదిలేది.

"దిగు దుల్హా, నీ అత్తగారిల్లొచ్చింది!" అని షాహిదా ఒకటే నవ్వు.

ఐదు గేట్ల దగ్గర దిగి ఎక్కేసరికి మోకాళ్లు పట్టేశాయి. ఆరో గేటు దగ్గర దిగలేదు.

"చాలక్కా, వాపస్ పోదాం," అంది షాహిదా.

"ఇది కదిలినంక పోదాం."

నీలా అదిలించడం నాకు రాదు. మెడ నిమురుతూ, "నడువు బిడ్డా" అంటూ కూర్చున్నాను. చాలాసేపటికి గౌరి చెవులు నావైపు తిప్పి, గేటు దాటి నడిచింది.

ఇంటికొచ్చి తమ్ముడితో చెప్పాను. "బేరం వద్దను. కార్తీకం లగ్గాలకు గౌరి తాడు నేనే పడ్త."

"ఆడమనిషి బరాత్‌ల గుర్రం పడితే మంది నవ్వరా?"

"నవ్వనియ్యి. లగ్గానికొచ్చినోళ్లు నవ్వాలె గద."

కొనేవాడికి తమ్ముడే ఫోన్ చేసి రావద్దన్నాడు, బాపూ.