ఆ ప్రశ్నలకు నేను తెలుసు

మిర్యాలగూడ,
9 ఆగస్టు 2025

ప్రియమైన స్రవంతికి,

నీకూ, మీ అమ్మగారికీ నమస్కారాలు. కోదాడలో మీరిద్దరూ చల్లగా ఉండాలి. నా నంబరు బ్లాక్ చేశావు కాబట్టి కాగితం మీద రాస్తున్నాను. నిన్ను తప్పు పట్టడానికి కాదు. నువ్వు మన గది వదిలి వెళ్లాక నువ్వు పనిచేసే బ్యాంకుకొచ్చి నేను అరిచిన అరుపులకు ఎవరైనా అదే చేస్తారు.

ఆ తర్వాత అన్నం మానేశాను. మా కిష్ట్యా అన్న తండా నుంచి వచ్చి, బండి మీద నన్ను సూర్యాపేట తీసుకుపోయాడు. అక్కడ నీరజ మేడం అని సైకాలజిస్టు ఉంది. ప్రశ్నలున్న కాగితాలిచ్చి, అవునో కాదో టిక్ పెట్టమంది. పిచ్చిదాన్నని తేల్చడానికే అనుకుని విసురుగా మొదలుపెట్టాను.

రెండో పేజీలో చెయ్యి ఆగిపోయింది. దగ్గరివాళ్లు వదిలేసి పోతారేమోనన్న భయంతో, వాళ్లను ఆపడానికి ఎంతకైనా తెగిస్తారా అని ఉంది. ఒకే మనిషి పొద్దున దేవతలా, సాయంత్రానికి శత్రువులా కనిపిస్తారా అని ఉంది. లోపలంతా ఖాళీగా అనిపిస్తుందా అని ఉంది. స్రవంతీ, ఆ మూడూ మళ్లీ మళ్లీ చదివాను. మా అమ్మకు మా లంబాడీ భాషలో కూడా చెప్పుకోలేకపోయిన మాటను, నన్నెన్నడూ చూడనివాళ్లు అచ్చు వేసి పెట్టారు!

నా గురించి మీకెవరు చెప్పిన్రు మేడం అని అడిగాను. ఆమె నవ్వలేదు. ఎవ్వరు చెప్పలేదమ్మా, నీలెక్క బాధపడ్డోళ్లు శానామంది ఉన్నరు, వాళ్లు చెప్పుకున్నయే గిట్ల ప్రశ్నలైనయి అంది.

నేనొక్కదాన్నే ఇలా పుట్టాననుకున్నాను ఇన్నాళ్లూ. ఎక్కడెక్కడో ఎంతమందో ఇదే ప్రశ్న దగ్గర ఆగి ఉంటారు కదా! కాలువకు నీళ్లు వదిలిన రోజు గట్టు మీద నిలబడి చూసినట్టు, ఆ కాగితాలనే చూస్తుండిపోయాను.

అన్న మాత్రం పరేషాన్ అయ్యాడు. గీ కాగితం జూసే మా చెల్లెకు రోగమని రాస్తరా అని నిలదీశాడు. కాగితం అడుగుతది అంతే, మనిషితోని కూసొని మాట్లాడినంకనే ఏదన్న చెప్తం అంది మేడం. అన్నట్టే వారాల తరబడి మాట్లాడింది. ఇది వ్యక్తిత్వంలో పాతుకుపోయిన ఇబ్బంది అనీ, మెల్లగా మార్చుకోవచ్చనీ చెప్పింది. ఇప్పుడు భయం లేచినప్పుడు దాన్ని గుర్తుపడుతున్నాను. ఫోను పక్కన పెట్టి, నేను పనిచేసే రైస్ మిల్లు చుట్టూ నడుస్తున్నాను. అది తగ్గుతుంది స్రవంతీ! తగ్గుతుందని ఇన్నేళ్లూ నాకు తెలియనే తెలియదు.

నీ మేలు కోరే,
నందిని

తా.క. నిజం చెప్పేస్తున్నాను. ఈ ముక్క కోదాడ బస్టాండులో కూర్చుని రాస్తున్నాను. ఉత్తరం మీ అమ్మగారి చేతికిచ్చి మళ్లీ ఇక్కడికే వస్తాను. నువ్వొస్తే సంతోషం. రాకపోతే సాయంత్రం బస్సెక్కి వెళ్లిపోతాను. ఎందుకు రాలేదని ఎప్పుడూ అడగను. భయం ఇప్పుడూ ఉంది. ఉండనీ.