వేలు మల్ల పెట్టు

మార్చి 3, సోమవారం
కోదాడ పోలీసుల ఫోన్. నా పేరు మీదున్న నంబరుతో ఎవరో జనాన్ని మోసం చేస్తున్నారట. "ఒకసారి స్టేషన్‌కి రండమ్మా." ఇలాంటి ఫోన్లు దొంగలూ చేస్తారని విన్నాను — పెట్టేశాను. ఈలోపు పొయ్యి మీద గుత్తివంకాయ మాడింది.

మార్చి 4
ఇక్కడి సూర్యాపేట స్టేషన్‌కే వెళ్లి అడిగా. నిజమే. ప్రభుత్వ సైటు తెరిచి చూపించారు — నా ఆధార్ మీద రెండు సిమ్‌లు! మా ఆయన నావైపు తిరిగి, "రెండోది ఎవనికిచ్చినవ్?" ఒళ్లు మండిపోయింది. పోలీసులు మా కర్రీ పాయింట్‌కు వస్తే ఇక నా చేతి కూర ఎవరు కొంటారు?

మార్చి 5
ఉల్లిగడ్డలు కోస్తుంటే తట్టింది. మిర్యాలగూడ. అత్తమ్మతో మా చెల్లెలి ఇంటికి వెళ్లినప్పుడు, రోడ్డు పక్క గొడుగు కింద సిమ్‌లు అమ్మేవాడి దగ్గర ఒకటి తీసుకున్నా. "అక్కా, వేలు పడ్తలేదు. మల్ల పెట్టు." పెట్టా. అంట్లు తోమి, కారం కలిపి అరిగిన వేళ్లు... రేషన్ షాపులో నెలనెలా ఇదే తంతు. అనుమానం ఎందుకొస్తుంది? మొదటి ముద్ర నా సిమ్‌కు. రెండోది వాడికి!

మార్చి 6
కోదాడ వెళ్లి ఫిర్యాదు ఇచ్చా. ఆ నంబరు కట్. "వాణ్ణి గుర్తుపడతారా అమ్మా?"
"గొంతు చాలు సార్."

మార్చి 7
మిర్యాలగూడ. గొడుగు అక్కడే ఉంది! మొహానికి స్కార్ఫ్ కట్టుకున్నా, పక్కన మామూలు బట్టల్లో కానిస్టేబుల్. ఒక ముసలామె వేలు పెట్టింది.
"పడలే అవ్వా, మల్ల పెట్టు." అదే గొంతు.
"పెట్టకవ్వా!" — నా అరుపుకు రోడ్డంతా ఆగింది. కానిస్టేబుల్ వాణ్ణి పట్టుకుని సంచి విప్పితే నిండా సిమ్‌లు, ఎవరెవరి పేర్ల మీదివో. బస్సులో దారంతా నవ్వుకుంటూ వచ్చా. పక్కామె పిచ్చిదనుకుని ఉంటుంది. అనుకోనీ.

మార్చి 8
మా ఆయన టీ పెట్టిచ్చాడు. "నువ్వు గట్టిదానివని నాకు ముందే తెల్సు." తెలుసట! చక్కెర లేదు. అయినా తాగా.

మార్చి 12
ఫోన్లో ఆధార్ యాప్ తెరిచి, నేను తీస్తే తప్ప ఎక్కడా పనిచేయకుండా నా వేలిముద్రలకు తాళం వేశా. రేషన్ షాపులో మిషన్ నా వేలే ఒప్పుకోలేదు. డీలర్ విసుగు — "మల్ల పెట్టమ్మా!"
"ఆగన్నా. తాళమేసింది నేనే, తీసేది నేనే." తీశా, బియ్యం తెచ్చుకున్నా, మళ్లీ వేశా. ఎంత హాయి!

మార్చి 13
బియ్యం చెరుగుతూ అత్తమ్మ, "గా పొద్దు మిర్యాలగూడల నేను సుత సిమ్ము తీస్కున్న గదనే."
"వేలు ఎన్నిసార్లు పెట్టినవ్ అత్తమ్మా?"
చేట ఆగింది. ఆమె ఫోన్ అందుకుని, పేరు మీద ఎన్ని సిమ్‌లున్నాయో చూపే ఆ సైటు తెరిచా. చక్రం తిరుగుతోంది...