బొందు లేని పైజమాలు

ఏమండీ,

అన్నం, పప్పు మూతపెట్టాను, తినండి. తర్వాత మిషను మీద ఉన్న రెండు పైజమాలకూ బొందులు తీసేసి ఎలాస్టిక్ ఎక్కించండి. అవి మన అష్ఫాక్‌వి. బొందులున్న బట్టలు జైల్లోకి రానివ్వరని నిన్న గేటు దగ్గరే తిప్పి ఇచ్చేశారు.

వాడు నూజివీడు సబ్‌జైల్లో ఉన్నాడు. నాలుగు రోజులు తిరిగితే ఆచూకీ దొరికింది. రాత్రి చెప్పబోతే మీరు లేచి వెళ్ళిపోయారు, అందుకే రాస్తున్నాను. ఇప్పుడు బెయిలు కాగితాల కోసం వకీలు గారి దగ్గరికి వెళ్తున్నాను.

ఆటోనగర్‌లో తను కొన్న బ్యాటరీ దొంగ సరుకని తెలీదని నిన్న కలిసినప్పుడు నాతో ఒట్టేసి చెప్పాడు. నేను నమ్మాను. వాడి మొహం చూడనని మీరన్నారు, సరే. ఊళ్ళో వాళ్ళందరికీ కుట్టినట్టే వాడికీ కుట్టండి. అబ్బాకి కోపం తగ్గిందా అని రెండుసార్లు అడిగాడు.

షాహీదా

ఎలాస్టిక్ కొసలు మాత్రం కలిపి కుట్టెయ్యకండి. పాత కొలత సరిపోదు, వాడు బాగా చిక్కిపోయాడు. ఎంత తగ్గాడో చెప్పడం నాకు రాదు. రేపు ఏడింటి బస్సుకి సూదీ దారం పెట్టుకుని మీరే రండి. టేపు అక్కర్లేదు. మీకు మనిషిని చూస్తే చాలు, కొలత తెలుస్తుంది.