బన్ను వచ్చిన దూరం

అక్కా, ఒళ్ళు బాగానే ఉంది, దిగులు పడకు. ఫోనులో అయితే అన్నీ చెప్పలేను, అందుకే ఈ కార్డు.

నిన్న మన ఊరి నుంచి వచ్చిన విమానం శుభ్రం చేసే వంతు నాకు పడింది. ప్రయాణికులు దిగాక సీట్ల సంచుల్లో చెత్త తీస్తుంటే, మన వీధి మలుపులో ఉన్న బేకరీ కవరు చేతికొచ్చింది. లోపల బన్ను, ఇంకా మెత్తగానే ఉంది. "అక్కణ్ణించి ఇక్కడికి ఎంతసేపమ్మా?" అని ఎయిర్‌హోస్టెస్‌ని అడిగాను. "గంటంబావు. ఎనిమిది వందల కిలోమీటర్లేగా!" అంది. నాకు రైల్లో ఒక రాత్రీ ఒక పగలూ పట్టింది కదక్కా. బన్ను మాత్రం ఎండిపోయేలోపే వచ్చేసింది. ఇంతలో "తినేవి దాచకూడదు, పడెయ్!" అని సూపర్‌వైజర్ కేకేశాడు. నా చేతులతోనే చెత్తసంచిలో వేశాను. ఆ పూటంతా వేళ్ళకు ఆ వాసన పోలేదు.

నా బుడ్డిదానికి దగ్గు తగ్గిందా? కాచి చల్లార్చిన నీళ్ళే పట్టు. వంటింటి కుళాయి కారడం ఆగిందా? నా నీలం చీర చింపి దానికి గౌన్లు కుట్టించు, నాకిక్కడ ఎప్పుడూ యూనిఫారమే. బావగారికి నమస్కారాలు.

ఒక్కమాట. ఏడుపు మాన్పించడానికి దానికి విమానం చూపించి "మీ అమ్మ అందులో ఉంది" అంటున్నావట. అది రోజూ మేడెక్కి చెయ్యూపుతోందని, వానొచ్చినా దిగి రానంటోందని బావగారు నవ్వుతూ చెప్పారు. నీకు పుణ్యముంటుంది, అలా చెప్పొద్దక్కా. అందరూ దిగిపోయాకే అమ్మ ఎక్కుతుందని చెప్పు. అమ్మ ఎక్కిన విమానం ఇంతవరకూ ఒక్కటీ కదల్లేదని చెప్పు.

నీ చెల్లి