ఇద్దరు గురువులు, ఒకే చావు

2025 ఫిబ్రవరి 11, మంగళవారం

హైదరాబాద్ డబ్బింగ్ స్టూడియో నుంచి రెండు ఫైళ్ళు వచ్చాయి. రెండూ జపాన్ యానిమేలే. ఒక్కో సిరీస్‌లో పంతొమ్మిదో ఎపిసోడ్‌కి తెలుగు డైలాగులు రాయాలి. ఇది ట్రయల్ అన్నారు మోయిన్ గారు, అక్కడి కోఆర్డినేటర్. పాసైతే రెండు సిరీస్‌లూ నావే. గురజాలలో ఇంట్లోనే కూర్చుని రాసుకోవచ్చు. ఫెయిలైతే బీఈడీ. నాన్న అప్పుడే అప్లికేషన్ తెచ్చి ఫ్రిజ్ మీద పెట్టారు.

నేను ఫెయిల్ కాను.

ఫిబ్రవరి 13

ముందు ఎపిసోడ్లన్నీ చూశాను. ఒకే అచ్చులో పోసినట్టున్నాయి. ఒకదాంట్లో కత్తి పట్టిన కుర్రాడు, ఇంకోదాంట్లో ఎగిరే ఓడ నడిపే పిల్ల. ఇద్దరికీ అమ్మానాన్నలు లేరు. ఇద్దరి ఒంట్లోనూ ఏదో పవర్ నిద్రపోతుంటుంది. ఇద్దరికీ తెల్లజుట్టు రైవల్ ఉన్నాడు, ఆ రైవల్స్ ఇద్దరూ కిటికీ పక్కనే కూర్చుంటారు. దెబ్బ తగలబోయే క్షణంలో ఫ్లాష్‌బ్యాక్ వస్తుంది, అందులో ఎవరో ఒకరు అన్నం తింటుంటారు. పన్నెండులో టోర్నమెంట్. పంతొమ్మిదిలో గురువు చావు, వానలో, శిష్యుల ఒళ్ళో, మ్యూజిక్ ఆగిపోయి. ఇద్దరు గురువులకీ ఒక్కటే కన్ను! జపాన్‌లో రెండు కళ్ళున్న మాస్టారే దొరకలేదా?

అయినా నాకు ఇవంటే ప్రాణం. తెలిసిన కథే అయినా ప్రతిసారీ ఏడుస్తాను.

ఫిబ్రవరి 15, మధ్యాహ్నం 3

రెండూ పంపేశాను. గడువుకి గంట ముందే.

ఫిబ్రవరి 18

రికార్డింగ్ అయిపోయిందట, ఇక మార్పులు లేవని ఫైల్ లాక్ చేశారట. ఓడ సిరీస్ గురువు చనిపోయే చోట వాయిస్ ఆర్టిస్ట్ నిజంగానే ఏడ్చాడని మోయిన్ గారు చెప్పారు. ఇల్లంతా గంతులేశాను. నాన్న పేపర్ దించలేదు.

ఫిబ్రవరి 19

పక్కింటి పార్వతమ్మత్త షెడ్డులో మిరపకాయలకి ముచ్చికలు తీస్తున్నారు. పన్నెండు మంది ఆడవాళ్ళు. చేతులకి పని, చెవులు ఖాళీ, అందుకని కథ చెప్పమంటారు. వారం నుంచీ రెండు సిరీస్‌లూ చెబుతున్నాను. పొద్దున కత్తి, మధ్యాహ్నం ఓడ. ఇవాళ రెండింటిలోనూ గురువులు పోయే రోజు. నేను రాసిన డైలాగులు నటించి మరీ చెప్పాను.

ఓడ గురువు ప్రాణం పోతూ, నిన్ను నమ్మి తప్పు చేయలేదమ్మా అనగానే పార్వతమ్మత్త చెయ్యి ఆగింది. ఆగవే, ఇది పొద్దున చచ్చినాయన అన్న మాట గదంటే అంది. ఈడెప్పుడు నమ్మాడే ఆ పిల్లని, దాని తండ్రిని తుపానులో ఒదిలేసొచ్చింది ఈడేనంటివిగా అంది. అంత పాపం చేసినోడు పోయేటప్పుడు దాన్ని మెచ్చుకుంటాడంటే అని నిలదీసింది.

రెండూ ఒకే రకం కథలత్తా అన్నాను. అత్తకి చానా కోపం వచ్చింది. మా అక్కా నేనూ ఒకే ఇంటికి కోడళ్ళుగా పోయాం, ఒకటే వంట, ఒకటే అత్త, అంతమాత్రాన ఇద్దరి ఏడుపూ ఒకటే అయిద్దంటే అంది.

సాయంత్రం 5

ఫైల్ తెరిచాను. సిగ్గుతో చచ్చిపోతున్నాను. రెండు విండోలు పక్కపక్కన పెట్టుకుని రాశాను. వాన ఒకటే, ఒడి ఒకటే, నోరు తెరిచే సెకన్లూ ఒకటే. కత్తి గురువు మాట కాపీ చేసి, చివర 'రా' తీసి 'మ్మా' పెట్టాను. రాసేటప్పుడు ఓడ గురువు అసలు ఆడియో మళ్ళీ వినలేదు. ఇప్పుడు సబ్‌టైటిల్స్ పెట్టుకుని విన్నాను. ఓడ గురువు రెండు ముక్కలే అంటాడు, మీ నాన్నని అని. ఆపైన ఏడు సెకన్లు పెదాలు కదులుతాయి, శబ్దం ఉండదు. చెప్పలేక పోయాడు. నేను వాడిచేత అబద్ధం చెప్పించాను.

స్టూడియోలో ఎవరూ కనిపెట్టలేదు. నేను నోరు మూసుకుంటే ఇక ఎవరికీ తెలియదు. కానీ నాకు తెలుసు.

ఫిబ్రవరి 20

మోయిన్ గారికి చెప్పాను. ఆయన ముందు నవ్వారు. అలా పెదాలు ఆడుతూ మాట రాకపోతే చూసేవాళ్ళు సౌండ్ పోయిందనుకుంటారు, ఉన్నదే బాగుంది, వదిలేయండి అన్నారు. వదలనన్నాను. అప్పుడు గొంతు మారింది. లాక్ చేసిన ఫైల్ తెరిస్తే రిపోర్ట్‌లో రైటర్ తప్పు అని రాయాలి, అది క్లయింట్‌కి వెళ్తుంది, ట్రయల్ పోవచ్చు, ఆలోచించుకోండి అన్నారు.

రాయండి అన్నాను. ఫోన్ పెట్టేశాను.

ఫిబ్రవరి 21

నాన్నకి కూడా చెప్పాను. తిడతారనుకున్నాను. తప్పు నీదైతే నీ పేరే రాయాలిగా అన్నారు, అంతే. బీఈడీ ఊసెత్తలేదు.

ఫిబ్రవరి 24

స్టూడియో నుంచి ఫోన్ రాలేదు.

ఫిబ్రవరి 28

కత్తి సిరీస్ వేరే రైటర్‌కి ఇచ్చారు. నా కుర్రాడు. ఆ గురువు మాట నిజంగా నేను రాసిందే, అదైనా ఉంచుతారో లేదో. బాత్రూంలోకి వెళ్ళి ఏడ్చాను.

ఓడ నాకే ఉంచారు, ఇరవై ఆరు ఎపిసోడ్లూ. మొదటిదానికి కూర్చున్నాను. ఈసారి ఒకటే విండో.

మార్చి 6, మధ్యాహ్నం

సరిచేసిన ఓడ ఎపిసోడ్ ఫైనల్ మిక్స్ పంపారు. ఎవరికీ చూపించవద్దని ఉంది. షెడ్డులో చూపించాను.

ముసలాడు మీ నాన్నని అన్నాడు. ఏడు సెకన్లు. సౌండ్ పోయిందా అని ఎవరూ అడగలేదు. పార్వతమ్మత్త కారం చేతులతోనే కళ్ళు తుడుచుకుని, మంట పుట్టి, నన్ను బూతులు తిట్టింది.