మొలలే అనుకున్నాం, నాయినా

నాయినా,

నువ్వు పోయి ఏడాది మీద రెండు నెలలు. అమ్మ తింటోంది, తిరుగుతోంది. నీ మగ్గం మీద ఇప్పుడు తమ్ముడు శీను నేస్తున్నాడు.

పోయిన నెల హైదరాబాద్ దవాఖాన నుంచి ఒక డాక్టరమ్మ వచ్చింది. పెద్దపేగు క్యాన్సర్ ఎవరికి వస్తుంది, ఎందుకు వస్తుంది అని పరిశోధన చేస్తున్నారట. నీకు వైద్యం జరిగింది అక్కడే కాబట్టి మన ఇల్లు వెతుక్కుంటూ వచ్చింది. నువ్వేం తినేవాడివి, రోజుకు ఎన్ని బీడీలు, ఎన్ని గంటలు కూర్చునేవాడివి, తాత ఎట్లా పోయాడు... అన్నీ రాసుకుంది.

రక్తం మొదట ఎప్పుడు పడింది అని అడిగింది. నువ్వు పోవడానికి మూడేళ్ల ముందు అన్నాను. ఆమె కలం ఆగింది.

ఏం చెప్పను? గుంట మగ్గంలో కూర్చునేవాళ్లకు మొలలు మామూలేనని మన వాడంతా అనుకునేదే కదా. "మగ్గం మీద కూసున్నోనికి మొలలు గాక ముత్యాలొస్తయా?" అని నువ్వు నవ్వేవాడివి. మేమూ నవ్వాం. పసరు మందు తెచ్చి ఇచ్చింది నేనే...

అది మొదట పేగులో చిన్న బుడిపెలా ఉంటుందట. క్యాన్సర్‌గా మారడానికి ఏళ్లు పడుతుందట. ఆలోపు కెమెరా గొట్టం వేసి చూస్తే అక్కడికక్కడే తీసేయవచ్చట. ఏళ్లు, నాయినా. అన్నేళ్లు మన చేతిలోనే ఉన్నాయి కదా.

ఎందుకు వచ్చిందని అడిగాను. ఇదీ అని ఒక్కటి చెప్పలేమంది. కన్నబిడ్డలకు ముప్పు ఎక్కువ, పరీక్ష చేయించుకోండి అంది. ఇంట్లో ఇంకెవరికైనా రక్తం పడుతోందా అంటే శీను లేదని తల ఊపాడు. ఆమె వెళ్లాక వాడి భార్య నన్ను పెరట్లోకి పిలిచి ఏడ్చింది. నాలుగు నెలలుగా పడుతోందట.

నేను చేయించుకున్నాను. ఏమీ లేదన్నారు. శీను రాలేదు. మగ్గానికి ఏడు చీరల నిలువు పోగులతో కొత్త పడుగు ఎక్కించాడు, ఏడూ నేశాక వస్తానన్నాడు. "పడుగు దిగనియ్యి బిడ్డా, దవాఖాన ఏడికి పోతది?" అనేవాడివి నువ్వు. అట్లా ఎన్ని పడుగులు దింపావు?

వాడి అంగీ వదులైంది. నీకూ మొదట అట్లాగే కదా...

మొన్న వాడు స్నానానికి లేచినప్పుడు కత్తెర తీసుకుని పడుగు కోసేశాను. అడ్డంగా, ఒక్క పోగు మిగలకుండా. రెండో చీర సగంలో ఉంది. మగ్గం ఇంట్లో పుట్టినదాన్ని, ఆ పని చేశాను. అమ్మ తల బాదుకుంది. శీను తెగిన పోగులు చేతిలో పట్టుకుని కూర్చున్నాడు. అప్పటినుంచి నాతో మాట్లాడటం లేదు.

బుధవారం దవాఖానలో వాడి పరీక్ష, తేదీ నేనే అడిగి తీసుకున్నాను. వాడు వస్తాడా? వచ్చినా, అప్పటికే ఆలస్యమై ఉంటే? నాకు ఆశ లేదు, నాయినా. ఆరింటి బస్సు దగ్గర మాత్రం ఉంటాను. రాకపోతే మళ్లీ తేదీ అడుగుతాను. వాడు మళ్లీ పడుగు ఎక్కిస్తే మళ్లీ కోస్తాను.

నీ పెద్దబిడ్డ
సుగుణ